కృతజ్ఞత డైరీ మూలపడకుండా ఉండాలంటే: కాలేజీ విద్యార్థులకు ఆరు వారాల పద్ధతి

ఆదివారం కొత్త నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో "అమ్మ, నాన్న, ఆరోగ్యం" అని రాస్తారు. సోమవారం "అమ్మ, నాన్న, ఫ్రెండ్స్". బుధవారానికి ఏం రాయాలో తోచదు, గురువారం ల్యాబ్ ఇంటర్నల్ వస్తుంది, అంతటితో నోట్‌బుక్ పుస్తకాల కింద పడిపోతుంది. కృతజ్ఞత డైరీ మొదలుపెట్టిన చాలామందికి జరిగేది ఇదే. దీనికి బద్ధకాన్ని తిట్టుకుని లాభం లేదు. రాసిన పద్ధతిలోనే లోపం ఉంది.

ఎవరైనా మనకు మేలు చేసినప్పుడు మనసు మూడు లెక్కలు వేస్తుంది. వాళ్లు చేసింది నాకు ఎంత పనికొచ్చింది? దాని కోసం వాళ్లు ఏం వదులుకున్నారు? నా మంచి కోరి చేశారా, వేరే ఉద్దేశంతో చేశారా? 1968లో టెస్సర్, గేట్‌వుడ్, డ్రైవర్ అనే పరిశోధకులు ఈ మూడింటినీ విడివిడిగా మార్చి చూశారు. మూడింట్లో ఏది పెరిగినా కృతజ్ఞత పెరిగింది. "అమ్మ" అన్న ఒక్క మాట రాసినప్పుడు ఈ మూడు లెక్కల్లో ఒక్కటీ పడదు, అందుకే ఏమీ అనిపించదు. కృతజ్ఞత కలగాలని మనసును బలవంతపెడితే రాదు. ఈ లెక్కకు అడ్డుపడే ఆలోచనల్ని ముందు తప్పించాలి. పక్కవాడి ప్యాకేజీ, పోయిన సెమిస్టర్‌లో పడ్డ అవమానం, ఇంట్లో అప్పు లాంటివి అన్నమాట. అందుకే ఈ పద్ధతిలో మొదటి రెండు వారాలు కృతజ్ఞత గురించి ఒక్క ముక్క కూడా రాయించం.

కావాల్సింది ఒక రూల్డ్ నోట్‌బుక్, పెన్ను, వారం మొత్తం మీద సుమారు గంట (తవ్వుకునే అలవాటున్నవాళ్లకు రెండో వారంలో రోజుకు ఇంకో అరగంట). యాప్ వద్దు. రాయడానికని ఫోన్ తీసినవాళ్లు వాట్సాప్ చూడకుండా పెట్టరు. మిడ్స్ జరుగుతున్న వారంలో మొదలుపెట్టకండి. మిడ్స్ అయిపోయాక వచ్చే సోమవారం మంచి రోజు.

మొదలుపెట్టే ముందు: ఇప్పుడు ఎలా ఉన్నారో కొలుచుకోండి

కొలత లేకపోతే ఆరు వారాల తర్వాత "ఏమో, కొంచెం బాగానే ఉన్నట్టుంది" అనడం తప్ప ఏమీ తేలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే డబ్ల్యూహెచ్ఓ-5 అనే చిన్న ప్రశ్నావళి దీనికి సరిపోతుంది. గడిచిన రెండు వారాలను గుర్తుచేసుకుని ఈ ఐదింటికీ మార్కులు వేసుకోండి: ఉల్లాసంగా, మంచి మూడ్‌లో ఉన్నాను; ప్రశాంతంగా, రిలాక్స్‌డ్‌గా ఉన్నాను; చురుగ్గా, హుషారుగా ఉన్నాను; నిద్ర లేచేసరికి అలసట తీరి తాజాగా ఉంది; రోజూ చేసే పనుల్లో నాకు ఆసక్తి కలిగించేవి ఉన్నాయి.

ఎప్పుడూ అలాగే ఉంటే 5, ఎక్కువ సమయం ఉంటే 4, సగం కంటే ఎక్కువ సమయమైతే 3, సగం కంటే తక్కువైతే 2, అప్పుడప్పుడైతే 1, అసలు లేకపోతే 0. మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి మీ స్కోరు వస్తుంది. తేదీ వేసి చివరి పేజీలో రాసి పెట్టుకోండి. 50 కంటే తక్కువ వస్తే "ఇది ఎక్కడ వాడకూడదు" అన్న భాగం ముందు చదవండి. రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మాత్రం ఈ లెక్క వేయకండి. పాసైనా సప్లీ పడినా ఆ రోజు మూడ్ రెండు వారాల మీదా పడుతుంది.

మొదటి వారం: మనసులో వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి

పేజీని నాలుగు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో ఏం జరిగింది. రెండో గడిలో ఆ క్షణంలో మనసులో వచ్చిన వాక్యం. మూడో గడిలో దాన్ని అప్పుడు ఎంత నమ్మారో 0 నుంచి 100 వరకు ఒక అంకె. నాలుగో గడిలో తర్వాత మీరు చేసిన పని. రోజుకు రెండు సంఘటనలు చాలు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉండాలి. మంచిదాన్ని వదిలేయడం అందరూ చేసే పొరపాటు. మన ఆలోచన అలవాటు ఎక్కువ బయటపడేది మంచి జరిగినప్పుడే.

ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది. ఏం జరిగింది: డీబీఎంఎస్ మిడ్‌లో 30కి 22 వచ్చాయి. వాక్యం: "పేపర్ ఈజీగా ఇచ్చారు కాబట్టి వచ్చాయి, అందరికీ 25 దాటాయి." నమ్మకం: 90. తర్వాత: పేపర్ మడిచి బ్యాగ్‌లో కుక్కి, నలభై నిమిషాలు రీల్స్ చూశాను.

ఆ ఒక్క వాక్యంలో రెండు అలవాట్లు ఉన్నాయి. వచ్చినదాన్ని తీసిపారేయడం ఒకటి. ఇంకొకటి "అందరికీ". ఆ అందరూ ఎవరని అడిగితే తేలేది ముందు బెంచీలో గట్టిగా మార్కులు చెప్పుకున్న ముగ్గురు. పద్దెనిమిది వచ్చినవాడు క్లాసులో గట్టిగా చెప్పడు కదా.

రెండో గడిని శుభ్రమైన భాషలోకి మార్చకండి. "నాకు కొంత నిరాశ కలిగింది" అని రాస్తే అది వాక్యం కాదు, నివేదిక. "ఛీ, నా బతుకింతే" అనిపిస్తే అలాగే రాయండి. ఏ రోజుది ఆ రోజే రాయాలి. శనివారం కూర్చుని వారమంతా గుర్తుచేసుకుంటే చెడ్డవే గుర్తొస్తాయి. మంచి కంటే చెడు మనసు మీద గట్టిగా ముద్ర వేస్తుందని 2001లో బౌమైస్టర్, సహపరిశోధకులు చాలా అధ్యయనాలను కలిపి చూసి రాశారు.

వారం చివర వాక్యాలన్నీ ఒకసారి చదివి ప్రతిదాని పక్కన ఒక గుర్తు పెట్టండి. పోలిక అయితే "పో". "ఇది మామూలే, ఇవ్వాల్సిందే కదా" అనే తరహా అయితే "మా". వచ్చినదాన్ని తక్కువ చేయడమైతే "త". అయిపోయినదాన్నే తిప్పితిప్పి తవ్వుకోవడమైతే "తవ్వు". "ఇంత చేశారు, నేనేం చేశాను" అనే బరువైతే "ఋ". ఏ గుర్తు ఎక్కువ వచ్చిందో అది మీ అలవాటు. ఐదూ సమానంగా రావడం అరుదు. మీ అలవాటుకు సంబంధించిన భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి, మిగతావి పైపైన చదివినా నష్టం లేదు.

రెండో వారం: పోలిక, తవ్వుకోవడం

పోల్చుకోవడం మానేయమని చెప్పడం తేలిక, మానడం కుదరదు. తనను తాను అంచనా వేసుకోవడానికి వేరే కొలబద్ద లేనప్పుడు మనిషి పక్కవాళ్లతో పోల్చుకుంటాడని మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు. కాలేజీలో కొలబద్దలు నిజంగానే తక్కువ: సీజీపీఏ, ప్యాకేజీ, ఇన్‌స్టాలో లైకులు. కాబట్టి మానే ప్రయత్నం చేయకండి. పోలికను సగంలో వదలకుండా పూర్తి చేయండి.

"వాడికి ఆఫర్ వచ్చింది, నాకు రాలేదు" అన్నది సగం పోలిక. దాని కింద మూడు లైన్లు రాయండి. ఒకటి, అతను ఆ ఆఫర్ కోసం చేసిన పనుల్లో నాకు తెలిసినవి ఏవి. రెండు, అందులో నేను ఈ నెలలో చేయగలిగేది ఏది. మూడు, అతనితో సంబంధం లేకుండా నా దగ్గర ఉన్నది ఒకటి. మూడో లైను దగ్గర జాగ్రత్త. "కనీసం నాకు బ్యాక్‌లాగ్స్ లేవు, వాడికి రెండున్నాయి" అని రాస్తే పోలిక దిశ మారిందే తప్ప అలవాటు మారలేదు. ఎదుటివాడి లోటు మీద కట్టుకున్న తృప్తి వాడు ఆ సప్లీ క్లియర్ చేసిన రోజున పోతుంది. "థర్డ్ ఇయర్ ప్రాజెక్టులో నాకు కోడ్ రివ్యూ చేసే ఇద్దరు స్నేహితులున్నారు" లాంటిది రాయండి.

ఫోన్ సంగతి కూడా చూడాలి. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 82 మందికి రెండు వారాల పాటు రోజుకు ఐదుసార్లు మెసేజ్ పెట్టి మూడ్ అడిగారు. ఒక మెసేజ్‌కీ ఇంకో మెసేజ్‌కీ మధ్య ఫేస్‌బుక్ ఎంత ఎక్కువ చూస్తే తర్వాత మూడ్ అంత తగ్గింది. మనుషులతో నేరుగా మాట్లాడినప్పుడు అలా జరగలేదు. ఏమీ రాయకుండా, ఎవరికీ బదులివ్వకుండా ఊరికే చూస్తూ పోవడమే ఎక్కువ నష్టం చేస్తుందని ఆ తర్వాతి కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ప్లేస్‌మెంట్ సీజన్‌లో లింక్డ్‌ఇన్‌ను వారానికి రెండుసార్లు, ల్యాప్‌టాప్‌లో మాత్రమే తెరవండి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టండి. గ్రూపులోంచి బయటికి మాత్రం రాకండి, ప్లేస్‌మెంట్ డ్రైవ్ తేదీలు మిస్సవుతారు.

"పో" గుర్తు ఎక్కువున్నవాళ్లు ఒక షరతు వాక్యం కూడా తయారుచేసుకోవాలి. "పలానాది జరిగితే పలానాది చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవాళ్లు, ఊరికే "చేయాలి" అనుకున్నవాళ్ల కంటే పని ఎక్కువగా పూర్తిచేస్తారని పీటర్ గోల్‌విట్జర్ చూపించాడు. "ఎవరిదైనా ఆఫర్ పోస్ట్ కనిపిస్తే, కంగ్రాట్స్ అని ఒక్క లైను రాసి, ఫోన్ బోర్లా పెట్టి నీళ్లు తాగొస్తాను." వాక్యం ఇంత చిన్నగా ఉండాలి. "పాజిటివ్‌గా ఆలోచిస్తాను" అంటే పనికిరాదు. దాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా చేస్తారో అందులో లేదు.

తవ్వుకోవడం గురించి చెప్పడానికి ఒక భూకంపం ఉంది. 1989 అక్టోబరు 17న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే సుసాన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వవేత్త స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత ఒక ప్రశ్నావళి నింపించి ఉంది. బాధ కలిగితే దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటారా, వేరే పనిలో పడతారా అన్నది అందులో ఒక అంశం. భూకంపం తర్వాత పది రోజులకూ, ఏడు వారాలకూ మళ్లీ అడిగారు. తవ్వుకునే అలవాటు ముందునుంచే ఉన్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. భూకంపం అందరికీ ఒకటే.

దీనికి పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. 1983లో బోర్కోవెక్ బృందం కాలేజీ విద్యార్థుల మీదే ప్రయత్నించింది. ఆందోళనకు రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట కేటాయించడం. హాస్టల్లో సాయంత్రం ఆరున్నర బాగుంటుంది. పడుకునే ముందు పెట్టకండి, మంచం మీద అసలే వద్దు. పగటిపూట ఆ ఆలోచన వస్తే "ఆరున్నరకి" అని చేతిలో ఉన్న కాగితం మీద ఒక్క మాట రాసి పనిలోకి వెళ్లండి. ఆరున్నరకి ఆ కాగితం ముందు పెట్టుకుని, ప్రతిదాని పక్కన రేపు చేయగలిగిన పని ఒకటి రాయండి. పని ఏదీ లేకపోతే కొట్టేయండి. మొదటి మూడు నాలుగు రోజులు వాయిదా వేయడం కష్టంగానే ఉంటుంది. వారం గడిచేసరికి ఆరున్నరకి రాయడానికి సగం విషయాలు మిగలవు.

మూడో వారం నుంచి: రాయడం

వారానికి ఒక్కసారే రాయండి. ఆదివారం సాయంత్రం, పావుగంట. రోజూ రాస్తేనే ఫలితం అనుకుంటారు గానీ, సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు ఒక గుంపు చేత వారానికి ఒకసారి, ఇంకో గుంపు చేత మూడుసార్లు రాయించి చూసినప్పుడు ఒకసారి రాసినవాళ్లలోనే తేడా వచ్చింది. మూడుసార్లు రాసినవాళ్లకు అది ఇంకో అసైన్‌మెంట్ అయిపోయింది కాబోలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో చేసిన అధ్యయనంలో కూడా (2003లో అచ్చయింది) విద్యార్థులు పది వారాల పాటు వారానికి ఒకసారే రాశారు. చిరాకులు రాసినవాళ్ల కంటే కృతజ్ఞత రాసినవాళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారు, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో ఉన్నారు, ఒంట్లో బాగోలేదన్న ఫిర్యాదులు కూడా తక్కువ చెప్పారు.

ఎన్ని రాయాలి? మూడు. పది రాస్తే పది రెట్ల కృతజ్ఞత వస్తుందనుకోవద్దు. 1991లో నార్బర్ట్ శ్వార్జ్ బృందం కొందరిని, తాము గట్టిగా నిలబడి మాట్లాడిన సందర్భాలు ఆరు చెప్పమని, ఇంకొందరిని పన్నెండు చెప్పమని అడిగింది. ఎక్కువ ఉదాహరణలు చెప్పినా, పన్నెండు చెప్పినవాళ్లే తమను తాము తక్కువ గట్టివాళ్లుగా అంచనా వేసుకున్నారు. అన్ని గుర్తురాక తడుముకున్నారు, ఆ తడుములాటనే ఆధారంగా తీసుకున్నారు. కృతజ్ఞత జాబితాలోనూ అంతే. ఎనిమిదోది దొరక్క పెన్ను కొరుకుతున్నప్పుడు మనసు "నాకు మంచి జరిగిందే తక్కువ" అని తేల్చేసుకుంటుంది.

ఒక్కో అంశానికి మూడు లైన్లు రాయాలి, మొదట్లో చెప్పిన మూడు లెక్కలకూ ఒక్కో లైను.

పనికిరాని రాత: "సీనియర్ అన్న హెల్ప్ చేశాడు. థాంక్ఫుల్."

పనికొచ్చే రాత: "ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందు రోజు రాత్రి సీనియర్ అన్న నా రూమ్‌కి వచ్చి నార్మలైజేషన్ మళ్లీ మొదటినుంచి చెప్పాడు. వైవాలో అదే అడిగారు. మర్నాడు పొద్దున ఎనిమిదికి అతనికి ఆన్‌లైన్ టెస్ట్ ఉంది, అయినా పదకొండున్నర దాకా కూర్చున్నాడు. నా దగ్గర అతనికి రావాల్సింది ఏమీ లేదు. ఫస్ట్ ఇయర్‌లో అతనికి ఎవరో ఇలాగే చెప్పారట."

మొదటి రాత ఎవరి గురించైనా రాయొచ్చు. రెండోది ఆ ఒక్కడి గురించే. ఎవరూ చేయకుండా జరిగిన మంచి, అంటే వాన ఆగడం, బస్సులో సీటు దొరకడం లాంటివి మూడింటిలో ఒకటికి మించకుండా చూసుకోండి. అవి రాస్తే తప్పు లేదు గానీ, రెండో లెక్క, మూడో లెక్క వాటికి పడవు. మీకు జరిగిన మంచిలో మీ చేయి కూడా ఉంటే అదీ రాయండి. మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రయత్నించిన "మూడు మంచి విషయాలు" సాధనలో ప్రతి విషయానికీ ఎందుకు జరిగిందో కారణం రాయడం తప్పనిసరి. "త" గుర్తు ఎక్కువున్నవాళ్లకు ఈ కారణం లైనే అసలు మందు. "పేపర్ ఈజీ" అని రాసిన చేత్తోనే "అంతకుముందు మూడు రోజులు ఆ యూనిట్ చదివాను" అని కూడా రాయాలి.

ఇక "మా" గుర్తు. ఏడాదంతా ఉన్నది కళ్లకు కనబడదు: మెస్‌లో పొద్దున్నే ఇడ్లీ వడ్డించే అక్క, రాత్రి గేటు తీసే వాచ్‌మన్, హాస్టల్ బాత్రూంలు కడిగేవాళ్లు. దీనికి రెండు చిట్కాలు. ఒకటి, వాళ్ల పేరు తెలుసుకుని పిలవండి. పేరు తెలియని మనిషి చేసిన పని మీద మూడు లెక్కలూ పడవు. రెండోది తీసివేత. మింక్యుంగ్ కూ, ఆల్గో, విల్సన్, గిల్బర్ట్ 2008లో చూపించినదేమిటంటే, ఒక మంచి విషయం ఎలా జరిగిందో రాయడం కంటే అది జరగకుండా పోవడానికి ఎన్ని దారులున్నాయో రాసినవాళ్ల మూడ్ ఎక్కువ మెరుగుపడింది. మీ రూమ్మేట్‌నే తీసుకోండి. అడ్మిషన్ కౌన్సెలింగ్‌లో ఒక ఆప్షన్ కిందో పైనో పెట్టి ఉంటే ఆ కాలేజీయే కాదు. వార్డెన్ రూమ్‌లు కేటాయించిన రోజు మీరు ఒక గంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఆ రూమ్ కాదు. ఇలా నాలుగైదు లైన్లు. రెండు వారాలకోసారి చేస్తే చాలు, ప్రతి వారం చేస్తే మొద్దుబారిపోతుంది.

ఋణభారం: దీని మీద నిదానంగా పనిచేయాలి

మన ఇళ్లలో పిల్లల చదువు, అప్పు ఒకే ఊపిరిలో వినిపించే మాటలు. "మీ కోసమే కదరా ఇదంతా" అన్నది ప్రేమతోనే అంటారు. కానీ మేనేజ్‌మెంట్ సీటుకు పొలం తాకట్టు పెట్టిన నాన్న గురించి కృతజ్ఞత పేజీలో రాయబోతే చాలామందికి గుండె బరువెక్కుతుంది. రాయడం మానేసేది కూడా అక్కడే.

కృతజ్ఞత, ఋణభావం ఒకటి కావు. ఫిలిప్ వాట్కిన్స్ బృందం 2006లో చూపించింది ఇదే: మేలు చేసినవాళ్లు తిరిగి ఏదో ఆశిస్తున్నారని తెలిసేకొద్దీ ఋణభావం పెరిగింది, కృతజ్ఞత తగ్గింది. కృతజ్ఞతా లేఖ రాసినవాళ్లకు మంచి భావాలతో పాటు అపరాధ భావం కూడా కలగవచ్చని క్రిస్టిన్ లేయస్, సహపరిశోధకులు 2017లో గమనించారు. కాబట్టి "ఋ" ఎక్కువున్నవాళ్లు రెండు భావాలకూ రెండు పేజీలు కేటాయించాలి.

నోట్‌బుక్ తెరిస్తే ఎడమవైపు పేజీ మీద "లెక్క" అని, కుడివైపు "ఇచ్చింది" అని రాయండి.

ఎడమవైపు అంకెలు ఉండాలి: ఎంత అప్పు, బ్యాంకా, బయటివాళ్లదా, వడ్డీ ఎంత, ఎప్పటి నుంచి కట్టాలి. తెలియకపోతే ఇంట్లో అడగండి. చాలామందికి అప్పు ఉందని తెలుసు గానీ ఎంతో తెలియదు, తెలియని అంకె రాత్రిపూట ఎంతైనా పెరుగుతుంది. బ్యాంకు విద్యా రుణమైతే సాధారణంగా కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. మీ మంజూరు పత్రంలో ఆ లైను వెతికి ఇక్కడ రాసుకోండి. దాని కింద ఈ సెమిస్టర్‌లో మీరు చేయగలిగింది ఒక్కటే రాయండి: స్కాలర్‌షిప్ రెన్యువల్, బ్యాక్‌లాగ్ లేకుండా చూసుకోవడం, ఏదో ఒకటి. "మంచి ఉద్యోగం కొట్టి అన్నీ తీర్చేస్తా" అన్నది ఈ సెమిస్టర్ పని కాదు, ఆ పేజీలో దానికి చోటు లేదు.

కుడివైపు పేజీలో, ఈ పేజీలు మొదలుపెట్టాక రెండు వారాల దాకా రూపాయి ప్రస్తావన రాకూడదు. ఫీజు కట్టారు, ల్యాప్‌టాప్ కొన్నారు, ఇవన్నీ ఎడమవైపువే. కుడివైపుకు రావాల్సింది ఇలాంటిది: పరీక్షల ముందు అమ్మ ఆర్టీసీ కార్గోలో పంపిన పార్శిల్. ఆవకాయ సీసా మూతకు ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద గుడ్డ, ఆ పైన రబ్బరు బ్యాండ్లు రెండు. నూనె కారి సున్నుండల డబ్బా పాడవకూడదని. బస్టాండుకు తీసుకెళ్లడానికి ఆమె ఒక పూట పని మానుకుంది. ఎవరూ అడగలేదు, బదులు ఏమీ అనుకోలేదు. దీన్ని తీర్చే మార్గం లేదు, తీర్చాల్సిన అవసరమూ లేదు. ఇలాంటివి నాలుగు రాసేసరికి, ఇంటి గురించి ఆలోచిస్తే ఊపిరి బిగపట్టే అలవాటు కొంత వదులుతుంది.

రాస్తుండగా "ఇంత చేశారు, నేనేం సాధించాను" అన్న వాక్యం వచ్చి తీరుతుంది. కొట్టేయకండి. బాణం గుర్తు వేసి ఎడమవైపుకు పంపండి.

ఐదో వారం: చెప్పడం

రాసుకున్నదాన్ని ఆ మనిషికి చెప్పడం ఇంకో మెట్టు. సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన సాధనల్లో లేఖ రాసి స్వయంగా వెళ్లి చదివి వినిపించడం వెంటనే ఎక్కువ ఫలితమిచ్చింది, అది ఒక నెల వరకు నిలిచి తర్వాత తగ్గిపోయింది. ఇది సెమిస్టర్‌కు ఒకటి రెండుసార్లు చేయాల్సిన పని.

చాలామంది వెనకాడేది "కృత్రిమంగా ఉంటుందేమో, వాళ్లు ఏమనుకుంటారో" అని. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ఈ భయాన్నే కొలిచారు. లేఖ అందుకున్నవాళ్లకు కలిగే సంతోషాన్ని, ఆశ్చర్యాన్ని రాసినవాళ్లు తక్కువగా, ఇబ్బందిని ఎక్కువగా అంచనా వేశారు. మాటల ఎంపిక గురించి రాసేవాళ్లు ఎంత మథనపడ్డారో, అందుకున్నవాళ్లు దాన్ని అంత పట్టించుకోలేదు.

కాలేజీలో సార్‌కో మేడమ్‌కో అయితే చేత్తో రాసిన అర పేజీ ఇవ్వండి. మెయిల్ కూడా ఫర్వాలేదు. ఏ క్లాసు, ఏ మాట, దానివల్ల మీరు ఏం చేయగలిగారు, ఈ మూడూ ఉండాలి. అందులోనే రికమండేషన్ లెటర్ అడగకండి, అటెండెన్స్ గురించి ఎత్తకండి. అడగాల్సింది ఉంటే ఇంకో నెల ఆగి వేరుగా అడగండి.

ఇంట్లోవాళ్లతో మాత్రం లేఖ, థాంక్స్ లాంటివి మనకు అంతగా నప్పవు. అమ్మకు ఫోన్ చేసి "థాంక్స్ అమ్మా" అంటే ముందు "ఏమైంది రా, ఒంట్లో బాగుందా?" అని కంగారుపడుతుంది. అందుకని విషయమే చెప్పండి. "అమ్మా, నువ్వు సీసాకి కట్టిన కట్టు విప్పడానికి మాకు పావుగంట పట్టింది. చుక్క నూనె కారలేదు. రూమ్‌లో అందరం నాలుగు రోజులు దాంతోనే తిన్నాం." ఇందులో కృతజ్ఞత అన్న మాటే లేదు, మూడు లెక్కలూ ఉన్నాయి. నాన్నతో రెండు నిమిషాలకు మించి మాట సాగని ఇళ్లలో, చెప్పే బదులు అడగండి. "నాన్నా, నన్ను హాస్టల్లో దింపిన రోజు తిరుగు బస్సు ఎన్నింటికి దొరికింది?" మిగతాది ఆయనే చెబుతాడు.

స్టేటస్‌లో ఫొటో పెట్టి నాలుగు లైన్లు రాయడం దీని కిందికి రాదు. అది ఊరందరికీ చెప్పడం, ఆ మనిషికి కాదు.

నిద్ర

కృతజ్ఞత ఎక్కువున్నవాళ్లు బాగా నిద్రపోవడానికి కారణం పడుకునే ముందు వాళ్ల తలలో తిరిగే ఆలోచనల్లోనే ఉందని అలెక్స్ వుడ్ బృందం 2009లో 401 మంది మీద చూసి రాసింది. ఫోన్ చార్జింగ్‌ను మంచానికి చేయి అందనంత దూరంలో పెట్టుకుని, ఆదివారం రాసిన మూడింటిలో ఒకదాన్ని కళ్లు మూసుకుని వివరంగా గుర్తుచేసుకోండి. నిద్ర పట్టకపోతే కొత్తది వెతకొద్దు, అదే మళ్లీ.

ఇది ఎక్కడ వాడకూడదు

ర్యాగింగ్ జరుగుతుంటే, కులం పేరుతో ఎవరైనా మాట జారితే, లెక్చరర్ వేధిస్తుంటే, మెస్ అన్నంలో పురుగులు వస్తుంటే "ఉన్నదానికి సంతోషించాలి" అన్నది కృతజ్ఞత కాదు, నోరు నొక్కడం. అక్కడ చేయాల్సింది ఫిర్యాదు. ర్యాగింగ్‌కు యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఇంట్లో కొట్టే, తిట్టే మనుషులుంటే వాళ్ల పేరు ఈ నోట్‌బుక్‌లో రాయాల్సిన పని లేదు, మంచి ఎవరి దగ్గర దొరికితే వాళ్ల గురించే రాయండి.

డిప్రెషన్‌కు ఇది చికిత్స కాదు. కృతజ్ఞతా సాధనల మీద జరిగిన ప్రయోగాలను 2021లో డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ కలిపి చూసినప్పుడు కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద వీటి ప్రభావం చిన్నదేనని తేలింది. మొదటి కొలతలో 50 కంటే తక్కువ వచ్చినా, రెండు వారాలుగా నిద్ర, ఆకలి, క్లాసుకు వెళ్లడం దెబ్బతిన్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చినా నోట్‌బుక్ పక్కన పెట్టి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అక్కడికీ వెళ్లండి. వైద్యంతో పాటు ఈ రాతను మళ్లీ మొదలుపెట్టొచ్చా అన్నది వాళ్లనే అడగండి.

ఆరు వారాల తర్వాత

అవే ఐదు ప్రశ్నలకు మళ్లీ మార్కులు వేయండి. స్కోరు 10 పెరిగితే అది లెక్కలోకి తీసుకోదగ్గ మార్పు. మూడు నాలుగు అంకెల తేడా ఆ వారం తిండి, నిద్ర వల్ల కూడా రావచ్చు.

కదలిక లేకపోతే నోట్‌బుక్ తిరగేసి చూడండి. ఒకే మనిషి పేరు మూడు ఆదివారాలు వచ్చిందా? రెండో లైను, అంటే వాళ్లు ఏం వదులుకున్నారన్నది, ఖాళీగా వదిలేశారా? "చాలా", "ఎంతో", "ఎప్పుడూ" లాంటి మాటలు పేజీ నిండా ఉన్నాయా? వివరం దొరకనప్పుడే ఆ మాటలు వస్తాయి. మొదటి వారంలో ఎక్కువ వచ్చిన గుర్తు మీద పని చేయకుండా నేరుగా మూడో వారానికి దూకినా ఇంతే, అప్పుడు ఆ ఒక్క భాగాన్నే ఇంకో రెండు వారాలు చేసి చూడండి. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి రాయడం పడదు. వాళ్లు ఆదివారం పావుగంటను స్నేహితుడితో నడుస్తూ ఆ మూడూ చెప్పుకోవడానికి వాడుకోవచ్చు.

బాగున్నవాళ్లు ఇక రెండు వారాలకోసారి రాసినా చాలు. ఎక్స్‌టర్నల్స్ ఉన్న వారాల్లో వదిలేయండి, తప్పిపోయిన వారాల బకాయి మాత్రం తర్వాత కూర్చుని రాయకండి.